కాకినాడకు చేరిన హాల్డేన్: లెక్కపెట్టడంతో సైన్స్ నేర్పిన గురువు

1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో 72 ఏళ్ల శాస్త్రవేత్త ఒకరు క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆయన కోరిక మేరకు అంత్యక్రియలు జరపలేదు. భౌతికకాయాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు పంపారు. 1958లో మొదలైన ఆ కళాశాల విద్యార్థులకు తన శరీరం పాఠంగా ఉపయోగపడాలని ఆయన ముందే నిర్ణయించుకున్నారు. ఆయన పేరు జేబీఎస్ హాల్డేన్.

హాల్డేన్ 1892 నవంబర్ 5న ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. గనుల్లోని విషవాయువులపై పరిశోధన చేసిన తండ్రి జాన్ స్కాట్ హాల్డేనే ఆయనకు తొలి గురువు. ఒకసారి కొడుకును గనిలోకి తీసుకెళ్లి, నిలబడి షేక్‌స్పియర్ నాటకంలోని ప్రసంగం చదవమన్నారు. కాసేపటికే పిల్లవాడికి ఊపిరాడక కాళ్లు తేలిపోయాయి. నేల మీద పడ్డాక మళ్లీ ఊపిరి అందింది. మీథేన్ గాలి కన్నా తేలికని, పైకప్పు దగ్గరే చేరుతుందని పుస్తకం తెరవకుండానే అర్థమైంది.

ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన చదివింది గణితం, గ్రీకు, లాటిన్ సాహిత్యం, తత్వశాస్త్రం. సైన్స్‌లో డిగ్రీ లేదు. అయినా కేంబ్రిడ్జ్‌లో జీవరసాయన శాస్త్రం, లండన్ యూనివర్సిటీ కాలేజీలో జన్యుశాస్త్రం బోధించారు. డార్విన్ సిద్ధాంతాన్ని, మెండెల్ సూత్రాలను గణితంతో కలిపిన ముగ్గురు ప్రముఖుల్లో ఆయన ఒకరు. మిగిలిన ఇద్దరు ఫిషర్, సెవాల్ రైట్. డైలీ వర్కర్ పత్రికలో కార్మికుల కోసం 300కు పైగా సైన్స్ వ్యాసాలు రాశారు.

కలకత్తాలో కొత్త తరగతి

1956లో సూయజ్‌పై బ్రిటన్ దాడిని నిరసించిన హాల్డేన్, మరుసటి ఏడాది భార్య, జీవశాస్త్రవేత్త హెలెన్ స్పర్వేతో కలిసి భారత్ వచ్చేశారు. మహలనోబిస్ నడుపుతున్న కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. కుర్తా వేసుకున్నారు, మాంసం మానేశారు, 1961లో భారత పౌరసత్వం తీసుకున్నారు.

ఖరీదైన పరికరాలు లేకపోతే పరిశోధన సాధ్యం కాదన్న అభిప్రాయం అప్పట్లో బలంగా ఉండేది. హాల్డేన్ దాన్ని ఒప్పుకోలేదు. కళ్లు, కాగితం, పెన్సిల్, ఓపిక ఉంటే చాలన్నారు. జంతువులను చంపకుండా గమనించే జీవశాస్త్రానికి ఈ దేశం అనువైనదని నమ్మారు. ఎస్‌కే రాయ్ పారిజాతం చెట్టు పూల రేకులు లెక్కపెట్టారు. టీఏ డేవిస్ కొబ్బరి చెట్ల ఆకులు ఎడమకు తిరుగుతున్నాయా, కుడికా అని చూసి, దిగుబడితో పోల్చారు. సురేశ్ జయకర్ తీతువు పిట్ట గూటిని గమనించారు.

పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు వీరిలో తెలుగువాడు. లాంటానా పూలపై వాలే సీతాకోకచిలుకల్లో ఏ జాతి ఏ రంగును ఎంచుకుంటోందో ఆయన లెక్క రాశారు. చెవి అంచున వెంట్రుకలు మొలిచే లక్షణం తండ్రి నుంచి కొడుకుకు వై క్రోమోజోమ్ ద్వారా వస్తుందా అన్నదాన్నీ ఒక కుటుంబ వంశవృక్షం ఆధారంగా పరిశీలించి, 1960లో ప్రచురించారు. చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో నిలిచిన ఆ వివరణను 2004లో వచ్చిన డీఎన్‌ఏ పరిశోధన సమర్థించలేదు. గురువు నేర్పిన పద్ధతి కూడా అదే: కొత్త ఆధారం వస్తే పాత నిర్ధారణ పక్కకు తప్పుకోవాలి.

గురువు తప్పిన పరీక్ష

ఈ పరీక్షలో హాల్డేన్ కూడా ఒకసారి విఫలమయ్యారు. సోవియట్ యూనియన్‌లో లైసెంకో జన్యుశాస్త్రాన్ని తోసిపుచ్చినప్పుడు, కమ్యూనిస్టు పార్టీ సభ్యుడైన ఆయన సూటిగా ఖండించలేదు. ఆధారాలు స్పష్టంగా ఉన్నా కొన్నాళ్లు లైసెంకోను వెనకేసుకొచ్చారు. 1950 ప్రాంతంలో పార్టీకి దూరమయ్యారు. ప్రతిదాన్నీ పరీక్షించమని చెప్పిన వ్యక్తి తన రాజకీయ విశ్వాసాన్ని పరీక్షించడానికి ఆలస్యం చేశారన్న విమర్శ నేటికీ ఉంది.

భారత్‌లో ఆయన గొడవలు వేరు. 1961 జనవరిలో, అమెరికా సైన్స్ ఫెయిర్ విజేతలైన ఇద్దరు విద్యార్థులు తన విందుకు రాకుండా అమెరికా అధికారులు ఆపారంటూ నిరాహార దీక్షకు దిగారు. అదే ఏడాది మహలనోబిస్‌తో విభేదాలు ముదిరి సంస్థను వదిలేశారు. సీఎస్‌ఐఆర్ తీరూ నచ్చలేదు. బిజూ పట్నాయక్ ఆహ్వానంతో 1962లో భువనేశ్వర్ చేరి, ఒడిశా ప్రభుత్వ సాయంతో జన్యుశాస్త్ర ప్రయోగశాల నెలకొల్పారు.

రెండేళ్లకే క్యాన్సర్ బయటపడి, లండన్‌లో శస్త్రచికిత్స జరిగింది. ఆసుపత్రిలోనే తన జబ్బుపై హాస్య కవిత రాశారు. అనుమానం వస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరకు వెళ్లమన్నది దాని సారాంశం. తన సంస్మరణను తానే చెబుతూ బీబీసీకి రికార్డు చేయించారు.

ఆయన మరణం తర్వాత భువనేశ్వర్ ప్రయోగశాల ఎక్కువ కాలం నిలవలేదు. హెలెన్ 1978లో హైదరాబాద్‌లో మరణించారు. ద్రోణంరాజు అమెరికా వెళ్లి, గురువు జీవితం, కృషిపై పలు పుస్తకాలు రాశారు. పూల రేకులు లెక్కపెట్టే తరగతి గదికి మాత్రం మన బడుల్లో నేటికీ చోటు తక్కువే. ప్రయోగం చేయకుండానే రికార్డు పుస్తకం నింపి మార్కులు తెచ్చుకునే చోట, హాల్డేన్ విద్యార్థులకు పెట్టిన మొదటి పని ఇంకా మొదలు కావాల్సే ఉంది.