మల్లయోధుడు ఖాశాబా జాదవ్

కృష్ణానది మన తెలుగుసీమను చేరుటకు ముందు చాల దూరము మహారాష్ట్రదేశమున ప్రవహించును. అక్కడ సతారా జిల్లాలో కరాడ్ పట్టణము వద్ద కోయనానది వచ్చి కృష్ణలో కలియును. ఆ సంగమమునకు చేరువలోనే గోళేశ్వర మను చిన్నపల్లె కలదు. స్వతంత్ర భారతదేశమునకు ఒలింపిక్ క్రీడలలో మొట్టమొదటి వ్యక్తిగత పతకమును సంపాదించి తెచ్చిన ఖాశాబా దాదాసాహెబు జాదవ్ 1926వ సంవత్సరము జనవరి 15వ తేదీన ఆ పల్లెలో జన్మించెను.

తండ్రి దాదాసాహెబు మంచి వస్తాదు. తాతయు ఆ ప్రాంతమున కుస్తీలో పేరుమోసినవాడే. ఐదుగురు అన్నదమ్ములలో ఖాశాబా కడసారివాడు. పిల్లవానికి ఐదేండ్లు వచ్చుసరికే తండ్రి వానిని గోదాలోనికి దింపెను. ఆ దేశమున ఊరూర తాలింఖానా యుండెడిది. ఎఱ్ఱమన్నును జల్లించి, నూనె, మజ్జిగ, పసుపు కలిపి మెత్తబఱచి గోదా సిద్ధము చేయుదురు. తెల్లవారకముందే లేచి దండీలు, బస్కీలు తీసి, ఆ మట్టిని ఒడలికి పూసికొని పట్లు నేర్చుకొనుట అక్కడి యువకులకు నిత్యకృత్యము. మన తెలుగునాట కోడి రామమూర్తి నాయుడుగారి పేరు విననివారు అరుదు గదా. ఆ సీమలో అట్టి మల్లులయందు జనులకు గల అభిమానము ఇంకను మెండు. కొల్హాపూరును పాలించిన శాహూ మహారాజు 1912లో వేలకొలది జనులు చుట్టు కూర్చుండి చూడదగిన ఖాస్‌బాగు మైదానమును కేవలము కుస్తీకొఱకే కట్టించెను. ఇంతకంటె వేరు నిదర్శనము అక్కఱలేదు.

ఖాశాబా 1940 మొదలు 1947 వఱకు కరాడ్‌లోని తిలక్ హైస్కూలులో చదివెను. అవి క్విట్ ఇండియా ఉద్యమపు దినములు. సతారా జిల్లా ఆ ఉద్యమమునకు పట్టుకొమ్మ. అక్కడ నానాపాటిల్ నాయకత్వమున ప్రజలు తమ సొంత ప్రభుత్వమునే నెలకొల్పుకొనిరి. ఈ బాలుడును ఊరక కూర్చుండలేదు. పోలీసులు వెదకుచున్న విప్లవకారులకు తలదాచుకొన చోటు చూపుట, ప్రభుత్వమునకు వ్యతిరేకముగ వెలువడు కరపత్రములను రహస్యముగ అందజేయుట వంటి పనులు చేసెను. 1947 ఆగస్టు 15న దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన నాడే ఒలింపిక్ క్రీడలలో త్రివర్ణపతాకమును ఎగురవేయవలెనని అతడు సంకల్పించుకొనెనట.

పిదప అతడు కొల్హాపూరులోని రాజారాం కళాశాలలో చేరెను. అతనిది పొట్టివిగ్రహము; చూచుటకు సన్ననివాడు. కళాశాల వార్షిక క్రీడలలో కుస్తీకి తన పేరు వ్రాసికొమ్మని అడుగగా వ్యాయామోపాధ్యాయుడు అతనిని ఎగాదిగ చూచి నిరాకరించెను. కుఱ్ఱవాడు చిన్నబుచ్చుకొని వెనుదిరుగక తిన్నగా ప్రిన్సిపాలు ఖర్డేకర్‌గారి కడకు పోయి మొరపెట్టుకొనెను. ఆయన అనుమతించిరి. అవకాశము దొరికిన తరువాత జరిగినది చెప్పనక్కఱలేదు. తనకంటె పొడవును, బరువును గల విద్యార్థులను ఒకరి వెంట ఒకరిని అతడు పడవేసెను. ఆనాటి ఆ చిన్న అనుమతితోనే ప్రిన్సిపాలునకును విద్యార్థికిని నడుమ ఒక అనుబంధము ఏర్పడెను. దాని ఫలము ముందు చెప్పబడును.

కళాశాలలో చదువుచునే అతడు బాబూరావు బలావడే, బేలాపురీ గురూజీ అను ఇరువురు వస్తాదుల వద్ద విద్య నేర్చెను. బలముకంటె చురుకుదనమును నమ్ముకొనిన మల్లుడతడు. ప్రత్యర్థి మెడను చేతితో బిగించిపట్టి ఒక్క మెలికతో నేలగూల్చు ఢాక్ అను పట్టునందు అతడు దిట్ట. ఎదుటివాడు పట్టు సవరించుకొనులోపలనే పని ముగియుచుండెను. పరిమాణమున చిన్నవాడై ప్రతాపమున మిన్నయగుటచే జనులు అతనిని పాకెట్ డైనమో అని ముద్దుగా పిలుచుచుండిరి.

1948లో లండను నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగెను. స్వతంత్ర భారతము తన పేరున పాల్గొనిన తొలి ఒలింపిక్ క్రీడలు అవియే. కొల్హాపూరు మహారాజావారు ప్రయాణవ్యయమునకు సాయపడగా ఖాశాబా అచ్చటికి పోయి 52 కిలోల తరగతిలో పోటీచేసెను. అక్కడ అతనికొక క్రొత్త చిక్కు ఎదురయ్యెను. అంతవఱకు అతనికి తెలిసినది మట్టిగోదా. అందు పాదము నేలలో దిగి నిలుచును. కాలనియమ మంతగా లేదు. ప్రత్యర్థి వీపును నేలకు తాకించుటయే గెలుపు. లండనులోనో, మెత్తని మ్యాటుపై బూట్లు తొడిగి పోరాడవలెను. గడియారము చూచి కుస్తీ నిలుపుదురు. పట్టుపట్టుకు పాయింట్లు లెక్కింతురు. నియమములన్నియు వేఱు. అయినను అతడు ఆస్ట్రేలియా దేశపు బెర్ట్ హారిస్‌ను కొలది నిమిషములలోనే ఓడించెను. అమెరికా దేశపు బిల్లీ జెర్నిగన్‌ను సైతము గెలిచెను. పిమ్మట ఇరాను దేశీయుడగు మన్సూర్ రయీసీ చేతిలో ఓడిపోయి, మొత్తముమీద ఆరవ స్థానమున నిలిచెను. అచ్చట అతనికి తర్ఫీదిచ్చిన అమెరికా వస్తాదు రీస్ గార్డ్‌నర్ వలన మ్యాటుకుస్తీ మర్మములు కొన్ని తెలిసినవి. పరదేశపు గోదాలో, పరిచయము లేని నియమములతో ఆరవవాడగుట సామాన్యము కాదు. కాని అతనికి మాత్రము తృప్తి కలుగలేదు.

తరువాతి నాలుగేండ్లు అతడు ఒక్కదినమైనను వ్యర్థము చేయక సాధన చేసెను. ఈ నడుమ శరీరము కొంత బరువెక్కుటచే 57 కిలోల తరగతికి మారెను. ఆ తరగతిలో పోటీ మరింత తీవ్రము.

1952లో హెల్సింకి క్రీడలకు జట్టును ఎన్నుకొనువేళ ఒక చిక్కు వచ్చెను. మదరాసులో జరిగిన జాతీయ పోటీలో న్యాయనిర్ణేతలు నిరంజన్‌దాస్ అను మల్లుని గెలిచినట్లు ప్రకటించిరి. తనకు రావలసిన పాయింట్లు తగ్గించి అన్యాయము చేసిరని ఖాశాబా నమ్మెను. ఆ కాలమున మనదేశపు క్రీడావ్యవహారములలో పటియాలా మహారాజావారి మాటకు గౌరవము మెండు. ఖాశాబా ఆయనకు విన్నవించుకొనగా ఆయన ఇరువురికి మరల కుస్తీ పెట్టించిరి. ఈసారి ఖాశాబా ప్రత్యర్థిని ఎట్టి సందేహమునకు తావులేకుండ పడవేసి జట్టులో స్థానము సంపాదించెను. పల్లెటూరి విద్యార్థి యొకడు మహారాజు నెదుట నిలిచి న్యాయ మడుగుటకు ఎంత గుండెనిబ్బరము కావలెనో పాఠకులు ఊహింపగలరు.

ఎన్నికయైతే జరిగెను గాని డబ్బేది? ఆ దినములలో క్రీడాకారులు తమ ప్రయాణవ్యయములో అధికభాగము తామే సమకూర్చుకొనవలసి యుండెను. లండను పోవునాడు ఆదుకొనిన కొల్హాపూరు సంస్థానము 1949లో బొంబాయి రాష్ట్రమున విలీనమైపోయినది. ప్రభుత్వమునకు చేసికొనిన మనవులు సకాలమున ఫలింపలేదు. గోళేశ్వర గ్రామస్థులు ఇంటింట తిరిగి చందాలు ప్రోగుచేసిరి. అంగడివారు తమకు తోచినది ఇచ్చిరి. ఖాశాబా తానును ఊరూర తిరిగి అడిగెను. అయినను చాలలేదు. అప్పుడు ప్రిన్సిపాలు ఖర్డేకర్‌గారు తమ స్వగృహమును తాకట్టుపెట్టి ఏడువేల రూపాయలు తెచ్చి శిష్యుని చేతిలో పెట్టిరి. పతకము వచ్చునని గాని, వచ్చినను ఆ సొమ్ము తిరిగి వచ్చునని గాని ఆనాడు ఆయనకు హామీ యిచ్చినవారు లేరు. విద్యార్థి ఓడివచ్చినచో ఇల్లు పోవును. ఇది తెలిసియే ఖాశాబా పయనము కావలసిన వాడయ్యెను.

హెల్సింకిలో అతని పోరాటము ఉత్సాహముగ ఆరంభమయ్యెను. కెనడా దేశపు ఏడ్రియన్ పోలిక్విన్‌ను, మెక్సికో దేశపు లియొనార్డో బసుర్టోను ఓడించెను. జర్మనీ దేశపు మల్లుడు ఫెర్డినాండ్ ష్మిట్జ్ సైతము అతనికి అడ్డు కాలేదు. అటుపిమ్మట ఎదురైనవాడు జపాను దేశీయుడు షోహచీ ఇషీ. ఈ ఇషీ మొదట జూడో నేర్చినవాడు. యుద్ధానంతరము ఆక్రమణాధికారులు జపానులో జూడోను కట్టడి చేయుటచే కుస్తీకి మరలెను. వారిరువురి పోరాటము బహుసేపు సాగెను. చివరకు పాయింట్ల మీద ఇషీ గెలిచెను. స్వర్ణపతకము అతనికే దక్కినది. ఆ క్రీడలలో జపానుకు లభించిన స్వర్ణ మదొక్కటే.

ఇంతలో విచిత్రమగు సంగతి జరిగెను. ఆ సుదీర్ఘమైన కుస్తీ ముగించి రొప్పుచున్న ఖాశాబాను వెంటనే సోవియట్ మల్లుడు రషీద్ మమ్మద్‌బేయోవ్‌తో తలపడుమని పిలిచిరి. ఒక కుస్తీకిని మరొక కుస్తీకిని నడుమ అరగంట విశ్రాంతి ఇయ్యవలెనని నియమము కలదు. కాని ఆ నియమమును చూపి వాదించుటకు భారతదేశపు అధికారి ఒక్కడును అచ్చట లేడు. మల్లునికో ఆ భాషలు రావు. అలసిన శరీరముతోనే మ్యాటుపై నిలిచి అతడు ఓడిపోయెను. మమ్మద్‌బేయోవ్ సామాన్యుడు కాడు, రజతపతకము గెలిచినవాడు. విశ్రాంతి లభించినను ఖాశాబాయే గెలిచియుండునని రూఢిగ చెప్పుట న్యాయము కాదు. కాని సమబలముతో పోరాడు హక్కు అతనికి దక్కలేదనుట మాత్రము నిజము. తన జట్టును వేలమైళ్ళ దూరము పంపిన దేశము, దాని పక్షమున ఒక మాట చెప్పువానిని గోదా ప్రక్కన నిలుపలేకపోయినది.

1952 జూలై 23న ఖాశాబాకు కాంస్యపతక మిచ్చిరి. 1900లో కలకత్తాలో పుట్టిన నార్మన్ ప్రిచర్డ్ పారిస్‌లో పరుగుపందెములలో రెండు రజతములు గెలిచియుండెను గాని అది ఆంగ్లేయుల కాలము. స్వతంత్ర భారతమున హాకీజట్టు కాక ఒక్క మనిషి తన భుజబలముతో తెచ్చిన తొలి ఒలింపిక్ పతకము ఖాశాబాదే. కొల్హాపూరు ప్రాంతపువాడే యగు కేశవ్ మాణ్‌గావే ఆ క్రీడలలోనే 62 కిలోల తరగతిలో నాలుగవ స్థానమున నిలిచి, త్రుటిలో పతకమును పోగొట్టుకొనెను. ఒక్క జిల్లాగోదాల మట్టి ఇరువురిని అంతవఱకు నడిపించినది.

అతడు తిరిగివచ్చిన దినమున కరాడ్ రైలుస్టేషను జనముతో క్రిక్కిరిసిపోయెను. నూటికి పైగా ఎడ్లబండ్లు అలంకరించి, డోళ్ళు వాయించుచు, బాణసంచా కాల్చుచు అతనిని గోళేశ్వరమునకు ఊరేగించిరి. కొలది నిమిషములలో ముగియవలసిన ప్రయాణమునకు గంటలతరబడి పట్టెను. త్రోవలోని ప్రతి గ్రామము అతనిని ఆపి హారతు లిచ్చెను.

ఊరేగింపు ముగిసినది గాని ఖాశాబా మనస్సు కొల్హాపూరులోని ఇంటిపై నుండెను. అతడు వెంటనే కుస్తీపోటీలు ఏర్పాటుచేసెను. తానును గోదాలో దిగి పోరాడెను. వచ్చిన సొమ్మును తన కుటుంబమున కుంచుకొనక గురువుగారికి సమర్పించి తాకట్టు విడిపించెను. ఖర్డేకర్‌గారి ఇల్లు ఆయనకు దక్కినది. ఖాశాబా గెలిచిన కుస్తీలలో దేనికంటెను ఇది తక్కువది కాదు.

1955లో అతడు బొంబాయి పోలీసుశాఖలో సబ్-ఇన్‌స్పెక్టరుగా చేరెను. మరుసటి సంవత్సరము మెల్‌బోర్న్‌లో ఒలింపిక్ క్రీడలు జరిగెను గాని మోకాలి దెబ్బ మూలమున అతడు పోలేకపోయెను. అంతటితో అంతర్జాతీయ క్రీడాజీవితము ముగిసినట్లయ్యెను. పోలీసు క్రీడలలో అనేక బహుమతులు గెలిచి, పిన్నలకు కుస్తీ నేర్పెను. ఇరువదియేడేండ్లు కొలువుచేసి, సహాయ పోలీసు కమీషనరుగా పదవీ విరమణము చేసెను. పింఛను కొఱకు మాత్రము ఆఫీసుల చుట్టు తిరుగవలసివచ్చెను. హెల్సింకిలో వలెనే ఇచ్చటను అతని పక్షమున మాటాడువారు కరవైరి. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలకు జ్యోతి తీసికొనిపోయిన వారిలో అతనిని చేర్చిరి. జీవించియుండగా అతనికి జరిగిన పెద్దగౌరవములలో ఇదియొకటి.

1984 ఆగస్టు 14న రోడ్డు ప్రమాదమున అతడు మరణించెను. మరునాడు స్వాతంత్ర్య దినోత్సవము.

గౌరవములు పిదప వచ్చెను. మహారాష్ట్ర ప్రభుత్వము మరణానంతరము శివఛత్రపతి పురస్కార మిచ్చెను. భారత ప్రభుత్వము అర్జున పురస్కారమును ప్రకటించుసరికి అతడు పోయి పదునారేండ్లు దాటెను. 2010లో ఢిల్లీలో కామన్వెల్తు క్రీడలు జరిగినప్పుడు కుస్తీపోటీలు జరిగిన మందిరమునకు అతని పేరు పెట్టిరి. అతని తరువాత మన దేశీయునికి వ్యక్తిగత ఒలింపిక్ పతకము వచ్చుటకు నలువదినాలుగేండ్లు పట్టెను. 1996లో టెన్నిసులో లియాండర్ పేస్ కాంస్యము గెలిచెను. 2000లో సిడ్నీలో మన శ్రీకాకుళము జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి బరువులెత్తి మరొక కాంస్యమును తెచ్చినది. కుస్తీలో మరల పతకము వచ్చుటకు 2008 వఱకు వేచియుండవలసివచ్చెను.

గోళేశ్వరములో ఖాశాబా కుటుంబము వారి ఇంటికి ఒలింపిక్ నివాస్ అని పేరు.