సుశ్రుతాచార్యుడు - ముఖవ్రణ చికిత్స

శల్యతంత్రమునకు మూలపురుషుడైన సుశ్రుతునకు అతని గ్రంథమే జీవితచరిత్ర. సుశ్రుతసంహిత సూత్రస్థానము ఆరంభమున కాశీరాజైన దివోదాస ధన్వంతరి ఆశ్రమమున నుండగా ఔపధేనవుడు, వైతరణుడు, ఔరభ్రుడు, పౌష్కలావతుడు, కరవీర్యుడు, గోపురరక్షితుడు, సుశ్రుతుడు మొదలగువారు వచ్చి ఆయుర్వేదము నుపదేశింపుమని ప్రార్థించినట్లు కలదు. అందరి పక్షమున ప్రశ్నించుటకు సుశ్రుతుని నియమించుకొనిరి. అష్టాంగములలో శల్యమే మొదటిదని గురువు చెప్పి, తెగిన యజ్ఞశిరస్సును అశ్వినులు తిరిగి సంధించిన కథను ప్రమాణముగా చూపెను. తెగిన శిరస్సును అతికిన కథతో మొదలైన ఈ శాస్త్రము తెగిన ముక్కును, చెవిని, పెదవిని అతుకుటలో పరాకాష్ఠ నందుట గమనింపదగినది.

సుశ్రుతుడు విశ్వామిత్రుని పుత్రుడని సంహితలోనే చెప్పబడినది. మహాభారత అనుశాసనపర్వమునను విశ్వామిత్రుని కుమారులలో ఈ పేరు కానవచ్చును. ఇరువురు ఒక్కరేనా అన్న విషయమున పండితులు ఏకాభిప్రాయమునకు రాలేదు. సంహితలో ఈ పితృనామము కనబడు తావులలో చికిత్సాస్థానము రెండవ అధ్యాయ మొకటి. అది అప్పుడే తగిలిన గాయముల చికిత్సను గూర్చిన అధ్యాయము. కాలమును గూర్చి హార్న్‌లే క్రీ.పూ. 600 ప్రాంతమని నిర్ణయించెను. ఇతరులు దీనిని ముందునకును వెనుకకును జరిపిరి. నేటి గ్రంథము ఒక్కచేతి రచన కాదు. నాగార్జునుడు దానిని ప్రతిసంస్కరించెనని వ్యాఖ్యాత డల్హణుడు తెలిపెను. నేపాళమున లభించిన క్రీ.శ. 878 నాటి తాళపత్రప్రతి అచ్చుప్రతులతో పలుతావుల భేదించుచున్నది. కావున సుశ్రుతుడనగా ఒక వ్యక్తియు, ఆ వ్యక్తి పేర నిలిచిన ఒక సంప్రదాయమును అని గ్రహించుట క్షేమము.

ఆ సంప్రదాయమున విద్యార్థి ఎట్లు తయారయ్యెనో తొమ్మిదవ అధ్యాయము వర్ణించుచున్నది. గుమ్మడి, ఆనప, పుచ్చ, దోస కాయలపై కోతను, నీరు నింపిన తోలుసంచులపై భేదనమును, పురుగు తొలిచిన కొయ్యలపై ఏషణమును, వస్త్రములపైనను మెత్తని చర్మపు అంచులపైనను కుట్టును అభ్యసింపవలెను. చెవితమ్మెను అతుకు విద్యకు మెత్తని మాంసఖండములు, కలువకాడలు సాధనములు. శరీరజ్ఞానమునకై శవమును గడ్డితో చుట్టి, పంజరమునందుంచి, పారునీట ఏడు రాత్రులు నాననిచ్చి, పొరలు పొరలుగా ఒలిచి చూడవలెను. శాస్త్రము మాత్రమే చదివినవాడును, చేతిపని మాత్రమే నేర్చినవాడును ఒక్కరెక్క గల పక్షివంటివారని సుశ్రుతుని మతము. ఇది అలంకారమునకై చెప్పినది కాదని ముఖచికిత్సా ప్రకరణములు చదివినచో తెలియును.

కోత సాధారణముగా ఏ దిశలో నుండవలెనో చెప్పి, కనుబొమలు, చెక్కిళ్లు, కణతలు, నొసలు, కనురెప్పలు, పెదవులు, చిగుళ్లు మొదలగు చోట్ల మాత్రము అడ్డముగా కోయవలెనని విధించెను. అట్లు కాక కోసినచో సిరలు తెగును, బాధ హెచ్చును, గాయము మానుటకు జాగగును. చర్మమున కోతకు అనువైన రేఖలున్నవని ఐరోపాలో లాంగర్ 1861లో నిరూపించెను. రెండును ఒకే సిద్ధాంతము కావు. కాని రెంటి వెనుకను చర్మమును చేతితో ఎరిగిన అనుభవమున్నది.

నాసాసంధానవిధి పదునారవ అధ్యాయమున నున్నది. తెగిన ముక్కు పరిమాణమునకు సరియైన ఆకును కోసి కొలతగా తీసికొని, చెక్కిలినుండి అంత చర్మమును ఒకవైపు విడదీయక కోసి, గీరి సిద్ధపరచిన ముక్కుమొదటికి అతికి, చక్కగా కట్టవలెను. శ్వాసకై రెండు గొట్టములు చొప్పించి ముక్కును ఎత్తి నిలుపవలెను. పతంగము, అతిమధురము, అంజనము పొడిచేసి చల్లి, తెల్లని దూదితో కప్పి, నువ్వులనూనెతో పలుమారులు తడుపవలెను. అతుకు కుదిరిన తరువాతనే మిగిలిన భాగమును ఛేదింపవలెను. కురుచయైనచో పెంచవలెను, మాంసమధికమైనచో సమము చేయవలెను. పెదవికిని ఇదే విధి, గొట్టములు మాత్రము అక్కరలేదు. చర్మఖండము పాతచోటి రక్తముతో బ్రతుకుచునే క్రొత్తచోట నాటుకొనవలెనన్నది దీని మర్మము. ముక్కెముక విరిగినచో శలాకతో సరిచేసి గొట్టములు పెట్టి కట్టుకట్టుట భగ్నచికిత్సలో వేరుగా చెప్పబడినది.

సద్యోవ్రణములను ఛిన్నము, భిన్నము, విద్ధము, క్షతము, పిచ్చితము, ఘృష్టము అని ఆరుగా విభజించెను. ఈ విభాగము పుస్తకమునకే పరిమితము కాదని శ్రీకాకుళము జిల్లా ఉద్దానము వాసులకు వేరుగా చెప్పనక్కరలేదు. మందస, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలముల జీడితోటలలో ఎలుగుబంటి ఎదురైనచో తరచుగా ముఖమునే గోళ్లతో చీల్చును. 2022 జూన్ నెలలో వజ్రపుకొత్తూరు మండలమున అట్టి దాడులలో ఒకరు మరణింపగా పలువురు గాయపడిరి. అట్టి ముఖమున కోత, చీలిక, నలుగుడు, ఒరిపిడి ఏకకాలమున నుండును. లోపల నెత్తురుగాని శల్యముగాని నిలిచిన గాయమును శుద్ధిచేయక కుట్టరాదని సుశ్రుతుడు నిషేధించెను. మృగముల గోళ్ల గాయములకు మొదట కడుగుటయే ప్రధానమని నేటి శస్త్రవైద్యులును అందురు.

చీము విషయమున ఆచార్యుడు మరింత కఠినుడు. పచ్చి వాపును తెలియక కోసినవానిని, పండిన గడ్డను ఉపేక్షించినవానిని సమానముగా నిందించెను. వ్రణితుని గదికి గుగ్గులు, వస, తెల్ల ఆవాలు, వేపాకు, నేయి మొదలగువానితో ధూపము వేయుమనెను, ఈగలు వ్రాలనీయరాదనెను. ముఖశిరస్సులందలి మర్మములను గణించుచు, ముక్కు, చెవి, కన్ను, నాలుకలను పోషించు సిరలు కలియుచోట శృంగాటకమున్నదని, దానికి దెబ్బ తగిలిన తత్‌క్షణము ప్రాణహాని యని చెప్పెను. ముక్కు, పైపెదవులందలి చీము సిరల ద్వారా మెదడువైపు ప్రాకునని ఆధునికులు ఎరుగుదురు. ఈ రెంటిని ఒకటిగా చూపుట తొందరపాటు. సుశ్రుతుడు చెప్పినది అభిఘాతమును గూర్చి, చీమును గూర్చి కాదు.

గ్రంథము దూరదేశములకు పోయినది. క్రీ.శ. 800 ప్రాంతమున బాగ్దాదున అరబ్బీలోనికి అనువదింపబడినది. స్వదేశమున మాత్రము ఆ పక్షి రెక్కలు విడిపోయినవి. కాశియందు, కాశితో రాజసంబంధము గల విజయనగరము వంటి సంస్థానములందు శాస్త్రములు పాఠముగా సాగుచుండగా, కత్తి శాస్త్రమెరుగని కుటుంబముల చేతికి పోయినది. 1793లో పుణె సమీపమున, టిప్పుసుల్తాను సైనికులచే ముక్కు కోల్పోయిన కావస్‌జీ యను బండివానికి ఇటుకలు చేయు కులమువాడొకడు నుదుటి చర్మముతో ముక్కును నిర్మించెను. సంహిత చెప్పినది చెక్కిలి, ఇతడు వాడినది నుదురు. కావున ఆ విద్య పుస్తకమునుండి కాక చేతినుండి చేతికి మారుచు వచ్చినదని ఊహింపవచ్చును. 1794లో లండన్ పత్రికలో వెలువడిన ఆ వృత్తాంతమును చదివి కార్‌ప్యూ 1814లో తానట్టి శస్త్రక్రియ చేసి, 1816లో గ్రంథము ప్రకటించెను.

సంహిత కలకత్తాలో 1835, 1836 సంవత్సరములలో అచ్చయ్యెను. దానిని ప్రకటించిన మధుసూదన గుప్తుడు వైద్యకులమున పుట్టిన సంస్కృత పండితుడు. అదే 1836లో కలకత్తా వైద్యకళాశాలలో కత్తి చేపట్టి శవమును ఛేదించినవాడును అతడే.