నోబెల్ వచ్చిన సిద్ధాంతాన్నే కదిలించిన యల్లాప్రగడ సుబ్బారావు

పటాన్‌చెరు, పాశమైలారం వైపు మందుల కంపెనీల్లో డ్యూటీకి వెళ్లేవాళ్లు మన ఇళ్లల్లో చాలామందే ఉన్నారు. సైన్స్ చదివే పిల్లలకు ఒక సందేహం వస్తుంటుంది. ఈ రోజు పుస్తకంలో నిజమని రాసింది రేపు తప్పని తేలితే, ఇప్పుడు చదవడం దేనికి? దీనికి జవాబు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితంలో దొరుకుతుంది.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో, డబ్బులేని ఇంట్లో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కారు. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. మద్రాసులో వైద్యం చదువుతూ ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసర్ కోపానికి గురై, ఎంబీబీఎస్‌కు బదులు ఎల్‌ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకున్నారు. తర్వాత అమెరికాలోని హార్వర్డ్‌కు వెళ్లారు. ఖర్చులకు ఆస్పత్రిలో చిన్న పని కూడా చేశారు.

లాక్టిక్ ఆసిడ్ తయారవడం వల్లే కండరం ముడుచుకుంటుందని అప్పట్లో నమ్మేవారు. కండరాలపై పరిశోధనకు హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ బహుమతి దక్కింది. కానీ 1927లో ఫిస్క్, సుబ్బారావు కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని చూపించారు. కండరం పనిచేస్తే అది తగ్గేది, విశ్రాంతి ఇస్తే మళ్లీ పెరిగేది. 1929లో ఏటీపీని కూడా గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా కనిపెట్టారు. 1930లో లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆసిడ్ తయారుకాకుండా ఆపినా కండరం ముడుచుకుంది. పాత సిద్ధాంతం నిలవలేదు. హిల్ కూడా ఒప్పుకున్నారు.

అయితే హిల్ కొలిచిన వేడి లెక్కలు తప్పు కాలేదు, వాటికి చెప్పిన అర్థమే మారింది. ఫాస్ఫోక్రియాటిన్ కూడా ఆఖరి జవాబు కాలేదు. అది నిల్వ మాత్రమేనని, కండరం నేరుగా వాడుకునేది ఏటీపీనేనని తర్వాత తేలింది.

హార్వర్డ్‌లో పర్మనెంట్ ఉద్యోగం రాక, సుబ్బారావు 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. అది స్ప్రూ రోగులకు పనిచేసింది. సోదరులను పోగొట్టుకున్న మనిషికి అంతకన్నా ఏం కావాలి! ఇప్పుడు మన ఇళ్లల్లో గర్భిణులు వేసుకునేదీ ఫోలిక్ ఆసిడే. బోదకాలు నివారణకు ఆరోగ్య సిబ్బంది ఇంటికొచ్చి మింగించే డీఈసీ బిళ్ల, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆయన నాయకత్వంలోనే వచ్చాయి. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, అమెరికాలోనే కన్నుమూశారు. నోబెల్ రాలేదు, సొంత ఊరూ మళ్లీ చూడలేదు.

వెయ్యేళ్ల కిందట ఇబ్న్ అల్-హైసమ్ కూడా టాలెమీ ఖగోళ లెక్కలపై సందేహాలు రాసి ఇదే పని చేశారు. పిల్లలు అడిగితే ఇలా చెప్పండి: సిద్ధాంతం మారొచ్చు, నిజాయితీగా కొలిచిన కొలత వృథా కాదు. పాతది బాగా చదివినవాడికే అందులో తప్పు కనబడుతుంది.