నీళ్ల లెక్క తేల్చిన డాక్టర్

నూజివీడు వైపు ఏ రైతునడిగినా మామిడి తోటకు ఎప్పుడు నీళ్లు పెట్టాలో చెప్తారు. మరి తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందని అడిగితే? ఆ లెక్క గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్ రిపోర్టులో ఉంటుంది. దాన్ని చదివేవాళ్లే తక్కువ. అలాంటి లెక్కలు చదివే ఓ డాక్టర్ ప్రజారోగ్య చరిత్రను మలుపు తిప్పారు. ఆయనే జాన్ స్నో.

ఇంగ్లండ్‌లోని యార్క్‌లో 1813 మార్చి 15న ఓ కూలీ ఇంట్లో పుట్టారు. 14 ఏళ్లకే న్యూకాజిల్‌లో ఓ వైద్యుడి దగ్గర పనికి కుదిరారు. 1831లో కలరా వచ్చినప్పుడు బొగ్గుగని కార్మికులకు వైద్యం చేసే బాధ్యత ఈ కుర్రాడి మీదే పడింది. తర్వాత లండన్ వెళ్లి డాక్టరయ్యారు. మత్తుమందులో నిపుణుడిగా పేరు తెచ్చుకుని, 1853లో విక్టోరియా రాణి కాన్పుకు క్లోరోఫామ్ ఇచ్చారు.

అంత పేరున్నా ఒక్క విషయంలో ఆయన మాట ఎవరూ నమ్మలేదు. కలరా చెడుగాలి వల్ల వస్తుందని అప్పటి వైద్యుల నమ్మకం. నీళ్ల వల్లేనని స్నో 1849లోనే రాశారు. కానీ రుజువు కావాలిగా!

1854 ఆగస్టు చివర్లో సోహోలో కలరా విరుచుకుపడింది. స్నో మరణాల రిజిస్టర్ వివరాలు తీసుకుని ఇల్లిల్లూ తిరిగారు. చనిపోయినవారిలో ఎక్కువమంది బ్రాడ్ స్ట్రీట్ పంపు దగ్గరివాళ్లే. లెక్కకు లొంగని కేసుల్నీ ఆయన వదల్లేదు. పక్కనే ఉన్న పేదల వర్క్‌హౌస్‌లో 500 మందికి పైగా ఉంటే చనిపోయింది ఐదుగురే. ఎందుకు? వాళ్లకు సొంత బావి ఉంది. ఎక్కడో దూరాన ఉన్న ఓ వితంతువు కలరాతో పోయారు. ఆరా తీస్తే, రుచి నచ్చి ఆ పంపు నీళ్లే తెప్పించుకునేవారట. సెప్టెంబరు 8న పంపు హ్యాండిల్ తీసేశారు. అప్పటికే కలరా తగ్గుముఖం పట్టిందనీ స్నో దాచకుండా రాశారు.

అసలు రుజువు దక్షిణ లండన్‌లో దొరికింది. అక్కడ ఒకే వీధిలో రెండు కంపెనీల నీళ్లు వచ్చేవి. ఒకటి థేమ్స్ ఎగువ నుంచి, ఇంకోటి మురుగు కలిసే చోటు నుంచి తోడేవి. తమకొచ్చేది ఏ కంపెనీ నీళ్లో చాలామందికి తెలీదు. స్నో రసాయన పరీక్షతో నీళ్లలో ఉప్పు ఎంతుందో చూసి కంపెనీని పట్టేశారు. ప్రతి 10,000 ఇళ్లకు మురుగు నీళ్ల వైపు 315 మరణాలు, రెండోవైపు 37.

ఆయన 1858లో 45 ఏళ్లకే కన్నుమూశారు. ఆయన మాటకు విలువ పెరిగింది ఆ తర్వాతే.

మరి మీరేం చేయొచ్చు? జల్ జీవన్ మిషన్ వెబ్‌సైట్‌లో, లేదా పంచాయతీలో మీ ఊరి రిపోర్టు చూడండి. ముందు శాంపిల్ ఏ బోరుది, ఏ తేదీది అన్నది గమనించండి. తర్వాతే అంకెలు. లీటరుకు టీడీఎస్ 500 మిల్లీగ్రాములు, ఫ్లోరైడ్ 1 దాటకూడదు. వేరే దారి లేకపోతే 2000 వరకు, 1.5 వరకు ఒప్పుకుంటారు. నైట్రేట్ 45 దాటితే మాత్రం మినహాయింపు లేదు. 100 మిల్లీలీటర్లలో ఈ-కోలి అసలు కనిపించకూడదు. ఎండాకాలం, వానాకాలం రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్క రిపోర్టు చూసి ఊరి నీళ్లు మంచివని తేల్చేయకండి.

నూజివీడుకు దగ్గర్లోని ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బులు ఏళ్లుగా ఉన్నాయి. తాగే నీళ్ల మీదే జనానికి అనుమానం. ఇలాంటి చోట రిపోర్టు చదవగలిగినవాళ్లు ఊళ్లో ఒక్కరున్నా మేలే. కెమిస్ట్రీ, సివిల్, స్టాటిస్టిక్స్ ఏది చదివినా సరే, మీ ఊరి మూడేళ్ల నీటి రిపోర్టులతో ఓ ప్రాజెక్టు చేయండి. ఇంటర్వ్యూలో ఏం చేశారని అడిగితే చెప్పడానికి మీ చేతిలో మీ సొంత పని ఉంటుంది. మీ ఊరికీ ఓ లెక్క మిగులుతుంది.