తల్లీబిడ్డల కోసం గుంటూరు వచ్చిన వైద్యురాలు

దైవసేవకురాలు మేరీ గ్లోరీ గారు 1887 జూన్ 23న ఆస్ట్రేలియాలో జన్మించారు. 1910లో మెల్‌బోర్న్‌లో వైద్యపట్టం పొందారు. కంటి వైద్యురాలిగా మంచి పేరుతో జీవిస్తున్న రోజుల్లో, 1915లో, ఒక చిన్న పుస్తకం చదివారు. భారతదేశంలో తల్లులు పురుష వైద్యుల వద్దకు వెళ్ళలేక, పసిబిడ్డలతో సహా ప్రాణాలు కోల్పోతున్నారని అందులో ఉంది. తన పిలుపు ఇదేనని ఆమె గ్రహించారు.

1919లో ప్రసూతి వైద్యంతో కూడిన ఎం.డి. పూర్తిచేసి, 1920 ఫిబ్రవరిలో గుంటూరు చేరి, జె.ఎం.జె. సభలో ప్రవేశించారు. ఆ రోజుల్లో మఠకన్యలు వైద్యం చేయడానికి తిరుసభ చట్టం ఒప్పుకునేది కాదు. 15వ బెనెడిక్ట్ పాపుగారు ప్రత్యేక అనుమతి ఇచ్చారు. చిన్న వైద్యశాల సెయింట్ జోసఫ్స్ ఆసుపత్రిగా పెరిగింది. ఆమె పల్లెలకూ వెళ్ళారు, స్థానిక యువతులకు నర్సు పని, మంత్రసాని పని నేర్పారు. 1943లో కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. నేడు దాని కేంద్రం సికింద్రాబాద్‌లో ఉంది. 1957 మే 5న బెంగళూరులో ప్రభువునందు నిద్రించారు.

నవజాత శిశువుల కామెర్లకు కాంతి చికిత్స గురించి ఇంగ్లండు వైద్యులు లోకానికి తెలిపింది ఆ మరుసటి ఏడాది, 1958లో. నేడు మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలిలలో ఆ నీలికాంతి పరికరాలున్న ఆసుపత్రులు ఇంటికి దగ్గరలోనే ఉన్నాయి. అయినా ఆలస్యం జరుగుతూనే ఉంది. కాన్పయిన రెండు మూడు రోజులకే తల్లి ఇంటికి వస్తుంది. కామెర్లు ఎక్కువయ్యేది మూడు నుంచి ఐదు రోజుల మధ్య. ఎండలో పడుకోబెడితే చాలని ఒకరు, పసరు పొయ్యమని ఒకరు, తల్లి పథ్యం తప్పిందని మరొకరు అంటారు. ఈలోగా రోజులు గడిచిపోతాయి.

చాలామంది బిడ్డలకు కొద్దిపాటి పచ్చదనం వచ్చి దానంతట అదే పోతుంది. కాని పుట్టిన 24 గంటల్లోపే పచ్చదనం కనిపించినా, కాళ్ళకు, అరచేతులకు పాకినా, బిడ్డ పాలు తాగక మగతగా ఉన్నా, విరేచనం తెల్లగా అవుతున్నా, రెండు వారాలు దాటినా తగ్గకున్నా అదే రోజు డాక్టరుకు చూపించాలి. ముదిరితే మెదడు, వినికిడి దెబ్బతింటాయి. ఎండ చికిత్సకు బదులు కాదు. తల్లిపాలు మానిపించకూడదు. కలరా ఉండలు వేసి దాచిన పాత బట్టలు పసిబిడ్డకు తొడగవద్దు. కొందరు బిడ్డల్లో వాటివల్ల రక్తకణాలు విరిగి కామెర్లు ముదురుతాయి.

విచారణలో బాలింతను చూడటానికి వెళ్ళే అమ్మలారా, అక్కలారా! పగటి వెలుగులో బిడ్డ కళ్ళలోని తెల్లగుడ్డును, చిగుళ్ళను ఒక్కసారి చూడండి. పచ్చగా కనిపిస్తే సలహాలతో సరిపెట్టక, ఆ తల్లికి తోడుగా ఆసుపత్రి దాకా వెళ్ళండి.