ప్రశ్నించి తెలుసుకున్న పండితుడు ఇబ్నుల్ హైసమ్

పూర్వీకులు రాసిన గ్రంథాలను గౌరవించాలి. ఇందులో రెండో మాట లేదు. అయితే గౌరవం ఉందన్న కారణంతో వాటిలోని ప్రతి మాటనూ పరీక్షించకుండానే నమ్మేయాలా? వెయ్యేళ్ల క్రితం ఒక ముస్లిం శాస్త్రవేత్త ఈ ప్రశ్నను ఎదుర్కొన్నారు. గౌరవం వేరు, గుడ్డి అనుకరణ వేరు అని తన జీవితంతోనే జవాబు చెప్పారు. ఆయనే అబూ అలీ అల్ హసన్ ఇబ్నుల్ హైసమ్. ఐరోపా పండితులు అల్‌హాజెన్ అని పిలుచుకున్నది ఈయననే.

ఇబ్నుల్ హైసమ్ క్రీ.శ. 965 ప్రాంతంలో ఇరాక్‌లోని బస్రా నగరంలో జన్మించారు. అప్పటికే గ్రీకు విజ్ఞాన గ్రంథాలు ఎన్నో అరబ్బీ భాషలోకి వచ్చి ఉన్నాయి. యూక్లిడ్ రేఖాగణితం, టాలెమీ ఖగోళశాస్త్రం, అరిస్టాటిల్ తత్వశాస్త్రం, గాలెన్ వైద్యం క్షుణ్ణంగా చదివినవారే పండితులుగా చెలామణీ అయ్యేవారు. ఇబ్నుల్ హైసమ్ కూడా వాటిని చదివారు, వ్యాఖ్యానాలు రాశారు. కానీ చదివిన ప్రతిచోటా ఈ మాటకు రుజువు ఏమిటి అని వెతకడం ఆయనకు అలవాటు.

నైలు నది ఒడ్డున

ఆయన జీవితంలోని ఒక ముఖ్య ఘట్టాన్ని ఇబ్నుల్ ఖిఫ్తీ అనే చరిత్రకారుడు గ్రంథస్థం చేశారు. ఈజిప్టులో నైలు నది ఒక ఏడాది పొంగి ముంచెత్తేది, మరో ఏడాది అడుగంటి కరువు తెచ్చేది. తాను అక్కడ ఉంటే ఆ నీటిని క్రమబద్ధం చేసే ఉపాయం చూసేవాడినని ఇబ్నుల్ హైసమ్ అన్నారట. ఈ మాట ఈజిప్టును ఏలుతున్న ఫాతిమీ పాలకుడు అల్ హాకిమ్ చెవిన పడింది. ఆయన పండితుణ్ణి రప్పించి, స్వయంగా ఎదురేగి స్వాగతం పలికి, పనివారిని ఇచ్చి నది ఎగువకు పంపించాడు.

దారి పొడవునా ప్రాచీన ఈజిప్టు కట్టడాలు కనిపించాయి. వాటి కొలతల్లోని కచ్చితత్వం ఇబ్నుల్ హైసమ్‌ను ఆలోచనలో పడేసింది. ఇంతటి నేర్పు గలవారికి నదిని అదుపు చేయడం సాధ్యమై ఉంటే ఏనాడో చేసి ఉండేవారు కదా అనుకున్నారు. అస్వాన్ దగ్గరి జలపాతాల చోటికి చేరి, నేలను, ప్రవాహాన్ని పరిశీలించాక తన పథకం పనికిరాదని తేలిపోయింది. తిరిగి వచ్చి ఆ సంగతే పాలకుడికి విన్నవించుకున్నారు.

ఇది చిన్న విషయం కాదు. అల్ హాకిమ్ ఎప్పుడు మెచ్చుకుంటాడో, ఎప్పుడు ప్రాణాలు తీయిస్తాడో తెలియని మనిషి. ఏదో ఒక కట్ట కట్టినట్టు చేసి కాలం గడిపే అవకాశం ఉండి కూడా, ఇబ్నుల్ హైసమ్ తన అంచనా తప్పిందని ఒప్పుకున్నారు. పాలకుడు ఆయనకు ఒక కొలువు ఇచ్చాడు. కానీ ఆ కొలువులో ప్రాణభయం పోలేదు. చివరకు ఆయన మతి చలించినట్టు నటించారనీ, 1021లో అల్ హాకిమ్ పాలన ముగిసేవరకూ ఇంట్లోనే బందీగా గడిపారనీ చెబుతారు. ఇబ్నుల్ ఖిఫ్తీ ఈ వృత్తాంతాన్ని రాసింది ఇబ్నుల్ హైసమ్ మరణించిన సుమారు రెండు వందల ఏళ్ల తర్వాత. కనుక ఇందులోని ప్రతి వివరమూ ఇలాగే జరిగిందని ప్రమాణం చేయలేం. ఇబ్నుల్ హైసమ్ కథ చదివేటప్పుడు కూడా ఆయన పద్ధతినే పాటించడం మంచిది.

చీకటి గదిలో పరీక్ష

ఆయన పేరు నిలబెట్టిన గ్రంథం ఏడు భాగాల కితాబుల్ మనాజిర్. కంటికి చూపు ఎలా కలుగుతుందన్నది ఇందులోని విషయం. కంటి నుంచి కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయని యూక్లిడ్, టాలెమీ వంటివారు చెప్పారు. వస్తువు నుంచే ఏదో కంటిలోకి వస్తుందని అరిస్టాటిల్ అనుయాయులు వాదించారు. శతాబ్దాలు గడిచినా ఈ తగవు తేలలేదు.

ఇబ్నుల్ హైసమ్ ఏ పక్షాన్నీ కళ్లు మూసుకుని సమర్థించలేదు. మండే సూర్యుణ్ణి చూస్తే కన్ను ఎందుకు నొప్పి పుడుతుంది? మంచి వెలుగును కాసేపు చూసి చీకట్లోకి తిరిగితే ఆ వెలుగే ఇంకా కళ్లముందు ఎందుకు కనిపిస్తుంది? వెలుగు బయటి నుంచి వచ్చి కంటిపై పని చేస్తోందనడానికి ఇవే గుర్తులని ఆయన గ్రహించారు. అయితే కిరణాలు తిన్నగా సాగుతాయన్న గణితవేత్తల లెక్కను మాత్రం అలాగే ఉంచుకున్నారు. ఇద్దరి వాదాల్లోనూ నిలిచే భాగాన్ని తీసుకుని నిలవనిదాన్ని వదిలేశారు.

తిన్నగా సాగుతాయన్న మాటనూ ఊరికే ఒప్పుకోలేదు. ఒక చీకటి గది, దానికి చిన్న రంధ్రం, బయట ఆ రంధ్రానికి ఎదురుగా వేర్వేరు చోట్ల కొన్ని దీపాలు ఏర్పాటు చేశారు. లోపలి గోడపై ఎన్ని దీపాలో అన్ని వెలుగు మచ్చలు పడ్డాయి. ఒక దీపాన్ని కప్పితే దానికి సంబంధించిన మచ్చ ఒక్కటే మాయమైంది. కప్పు తీస్తే మళ్లీ అక్కడే ప్రత్యక్షమైంది. ఇన్ని దీపాల వెలుగు ఒకే రంధ్రంలో నుంచి వచ్చినా ఒకదానితో ఒకటి కలిసిపోలేదు. దీపం, గోడ, రంధ్రం ఎవరికైనా దొరికేవే. నమ్మకం కలగనివారు తమ ఇంట్లోనే చేసి చూసుకోవచ్చు. ఈ పరీక్షకున్న బలం అదే.

మహామహులపై సందేహాలు

టాలెమీ పట్ల ఆయనకు ఎంతో గౌరవం ఉండేది. అయినా టాలెమీ మూడు గ్రంథాల్లోని పొరపాట్లను ఎత్తి చూపుతూ అష్షుకూక్ అలా బత్లమ్యూస్ అనే పుస్తకం రాశారు. షుకూక్ అంటే సందేహాలు. గ్రహాల కదలిక సమవేగంతో ఉండాలని సూత్రం చెప్పిన టాలెమీ, లెక్క కుదరడం కోసం ఆ సూత్రాన్ని తానే తప్పాడని అందులో చూపించారు. సత్యాన్ని వెతికేవాడు పాత గ్రంథాలను అన్ని వైపుల నుంచీ నిలదీయాలనీ, అదే సమయంలో తన ఆలోచననూ అనుమానించాలనీ ఆయన బోధ. ఇందులో రెండో సగం చాలామందికి గుర్తుండదు.

టాలెమీని గుడ్డిగా సమర్థించిన ఒక పండితుడికి ఆయన ఇచ్చిన సమాధానం గమనించదగ్గది. ప్రవక్తల మాటను హదీసు విద్వాంసులు విశ్వసించే తీరు వేరు, గణితంలో సాటి మనిషి మాటను రుజువు లేకుండా ఒప్పుకోవడం వేరు అని ఆయన తేల్చి చెప్పారు.

చివరి రోజుల్లో ఇబ్నుల్ హైసమ్ కైరోలోని అల్ అజ్‌హర్ మస్జిద్ సమీపంలో నివసించారు. యూక్లిడ్, టాలెమీ గ్రంథాలకు ఏటా నకళ్లు రాసి అమ్ముకుని, ఆ 150 దీనార్లతో పొట్ట పోసుకునేవారట. ఎవరి తప్పులను వెలికి తీశారో వారి గ్రంథాన్నే శ్రద్ధగా చేతిరాతతో నలుగురికీ అందించారన్నమాట. విమర్శ అంటే ద్వేషం కాదనడానికి ఇంతకన్నా ఏం కావాలి? 1040 ప్రాంతంలో ఆయన కన్నుమూశారు.

ఆయనా పొరపాట్లకు అతీతులు కారు. చూపు గ్రహించే శక్తి కంటిలోని స్ఫటికంలాంటి కటకంలో ఉందనుకున్నారు. ప్రతిబింబం పడేది వెనుకనున్న రెటీనాపైనని 1604లో కెప్లర్ వివరించారు. ఇంద్రధనుస్సు గురించి ఆయన చెప్పినదాన్ని కమాలుద్దీన్ ఫారిసీ నీళ్లు నింపిన గాజు గోళంతో పరీక్షలు జరిపి సరిదిద్దారు. ఈ ఫారిసీ స్వయానా కితాబుల్ మనాజిర్‌కు వ్యాఖ్యానం రాసినవారే. గురువును సరిదిద్దిన ఆ శిష్యుడే గురువు బాటలో నిజంగా నడిచినట్టు. ఆ గ్రంథం 1200 ప్రాంతంలో లాటిన్‌లోకి వెళ్లింది, 1572లో బాసెల్ నగరంలో అచ్చయింది.

నేటి విద్యార్థి గైడులోని జవాబును బట్టీ పట్టే ముందు అది ఎలా వచ్చిందో ఒక్కసారి లెక్క వేసి చూడాలి. ఉద్యోగి తాను వేసిన పథకం పనికిరాదని తెలిశాక పరువు కోసం దాన్ని లాక్కురాకుండా, నైలు ఒడ్డున నిలబడిన ఆ పండితుణ్ణి తలచుకోవాలి. ఇంట్లో ఫోనుకు వచ్చిన వదంతిని పదిమందికి పంపే ముందు ఇది ఎవరు చూశారు, ఎలా తెలిసింది అని అడగాలి. ఈ మూడింటికీ పెద్ద చదువులు అక్కర్లేదు. కొంచెం ఓపిక, తన మాట తప్పైతే ఒప్పుకునే ధైర్యం ఉంటే చాలు.