కౌతుకనిధి కృష్ణరాజ ఒడయరు

కోనసీమ పల్లెల్లో వానాకాలపు మధ్యాహ్నాలను అరుగులమీద పచ్చీసుతోను, వామనగుంటలతోను గడిపిన తరాలు ఎన్నో. తెలుగునాట పాత దేవాలయాల రాతిపలకలపైన పులిజూదపు గీతలు ఇప్పటికీ కనబడుతవి. వాటిని మొట్టమొదట గీసిన చేయి ఎవరిదో లోకం ఎరుగదు. కావ్యానికి కర్త ఉన్నట్లు ఆటకు కర్త ఉండటం మన దేశంలో అరుదు. ఆ అరుదైన కీర్తి పొందిన ఒక మహారాజు మన పొరుగునే, మైసూరులో ఉండినాడు. ఆయన ముమ్మడి కృష్ణరాజ ఒడయరు.

కృష్ణరాజు 1794 జూలై 14న శ్రీరంగపట్నంలో జన్మించినాడు. 1799 మే నెలలో టిప్పు సుల్తాను యుద్ధంలో మరణించగా ఆంగ్లేయులు ఆ రాజ్యంలో కొంత భాగాన్ని పూర్వపు ఒడయరు వంశానికి ఇచ్చి, ఐదేండ్ల ఈ బాలుని సింహాసనంపై కూర్చుండబెట్టినారు. రాజమాత లక్ష్మమ్మణ్ణి సంరక్షణలో, దివాను పూర్ణయ్య పరిపాలనలో బాల్యం గడిచింది. పూర్ణయ్య 1811లో తప్పుకొన్న తరువాత భారమంతా యువరాజుపై పడింది. ఆయనకు విద్వద్గోష్ఠి, సంగీతం, దానధర్మాలు ప్రియమైనవి. లెక్కలు, పన్నుల వసూళ్లు అంత ప్రియమైనవి కావు. ఖజానా క్రమంగా క్షీణించింది. 1830లో నగర ప్రాంతపు రైతులు తిరగబడినారు. ఆ తిరుగుబాటును కారణంగా చూపి, 1831 అక్టోబరులో గవర్నరు జనరలు బెంటింకు రాజ్యపాలనను కంపెనీ వశం చేసుకొన్నాడు. ముప్పదియేడేండ్ల వయసున కృష్ణరాజుకు కిరీటం మిగిలింది, రాజ్యం మిగలలేదు.

అట్టి స్థితిలో చాలమంది ప్రభువులు వ్యసనాలకు లోనై నశించినారు. కృష్ణరాజు మరొక మార్గం త్రొక్కినాడు. 1833లో మైసూరులో ఉచిత ఆంగ్ల పాఠశాల నెలకొల్పినాడు. తరువాతి కాలంలో మహారాజా కళాశాలగా ప్రసిద్ధి పొందిన విద్యాసంస్థకు అదే బీజం. ఆస్థాన పండితుల, చిత్రకారుల సహాయంతో శ్రీతత్త్వనిధి అనే బృహద్గ్రంథాన్ని సంకలనం చేయించినాడు. శక్తినిధి, విష్ణునిధి, శివనిధి మొదలుగా దానిలో తొమ్మిది నిధులు. తొలి నిధులలో దేవతామూర్తుల ధ్యానాలు, రూపచిత్రాలు ఉండగా, తొమ్మిదవదైన కౌతుకనిధిలో ఆటలకు స్థానం కల్పించినాడు. దేవతలను వర్ణించిన గ్రంథంలోనే ఆటలనూ వర్ణించటం ఆయన దృష్టిని తెలుపుతున్నది.

ఆయన కల్పనలలో ముఖ్యమైనవి గంజీఫా ఆటలు. గుండ్రని ముక్కలతో ఆడే ఈ ఆట మొగలాయీల కాలంలో దేశమంతట వ్యాపించింది. తెలుగు సీమలో నొస్సం, నిర్మల చిత్రకారులు ఈ ముక్కలను వ్రాసేవారు. మొగలు గంజీఫాకు ఎనిమిది రంగులు, 96 ముక్కలు. దశావతార గంజీఫాకు పది రంగులు, 120 ముక్కలు. రంగు ఒక్కింటికి పది అంకెముక్కలు, రాజు, మంత్రి. కృష్ణరాజు ఈ కట్టడిని విస్తరించినాడు. ఆయన పద్ధతిలో రంగుకు పండ్రెండు అంకెముక్కలు, ఆరు బొమ్మముక్కలు. తన ఆటలకు ఛదములని పేరుపెట్టినాడు. సంస్కృతంలో ఛదమనగా ఆకు. కులదేవత పేర చాముండేశ్వరీ ఛదం మొదలుగా పదమూడు విధాల ఆటలను కూర్చినాడు. వాటిలో పెద్దదానికి 360 ముక్కలు కావలసి ఉండేది. ఆడేవాడు ప్రతి ముక్కపైని దేవతను, వాహనాన్ని, చిహ్నాన్ని గుర్తించక తప్పదు. కావున ఆట ముగిసేసరికి పురాణపాఠం కూడా ముగిసేది.

చదరంగంలో ఆయన బుద్ధి మరింత లోతుకు పోయింది. గుర్రం తన నడకతోనే అరువదినాలుగు గళ్లను, ఏ గడినీ రెండవసారి త్రొక్కకుండా, చుట్టిరావటం ప్రాచీన సమస్య. తొమ్మిదవ శతాబ్దిలోనే కాశ్మీర ఆలంకారికుడు రుద్రటుడు దీనిని చిత్రకవిత్వంలో ప్రవేశపెట్టినాడు. మన అవధానులలోనూ పద్యం చెప్తూనే చదరంగం ఆడినవారున్నారు. కృష్ణరాజు ఈ సమస్యకు గణితపు ముడి ఒకటి చేర్చినాడు. గుర్రం త్రొక్కిన వరుసలో గళ్లకు 1 నుండి 64 వరకు అంకెలు వేస్తే, ప్రతి అడ్డువరుస, ప్రతి నిలువువరుస మొత్తం 260 కావలెను. అట్టి గతిని ఆయన సాధించినాడు. ఇంగ్లాండులో బెవర్లీ 1848లో ఇట్టి గతినే ప్రకటించినాడు. మూలల మధ్య గీతలు కూడా 260 అయ్యే గతి ఈ పలకపై అసాధ్యమని 2003లో గణనయంత్రాలు తేల్చినవి. అనగా మైసూరు రాజు చేరిన మెట్టు దాదాపు చివరిమెట్టే.

ఈ కల్పనలన్నింటిలో రాజు చేతిపాలెంత, పండితుల పాలెంత అని విడదీయటం కష్టం. రైతు కష్టాన్ని సకాలంలో గుర్తించని ప్రభువు ఆటల్లో మునిగినాడని నిందించేవారి మాటనూ పూర్తిగా త్రోసివేయలేము. అయితే ఆయన రాజ్యం సంగతి మరచిపోలేదు. తిరిగి ఇమ్మని మూడు దశాబ్దాలకు పైగా అర్జీలు పంపుతూనే వచ్చినాడు. 1865లో చామరాజేంద్రుని దత్తత చేసుకొన్నాడు. 1867లో ఆంగ్లప్రభుత్వం వారసత్వాన్ని అంగీకరించింది. 1868 మార్చి 27న ఆయన కన్నుమూసినాడు. 1881లో రాజ్యం ఆ దత్తపుత్రుని చేతికి వచ్చింది. చదరంగంలో ఎత్తు ఫలించటానికి ఎంత ఓపిక పట్టవలెనో ఆయనకు తెలియనిది కాదు.

మైసూరు జగన్మోహన ప్రాసాదంలో, రంగమహలు గోడలపై ఆయన ఆటల చిత్రాలు మిగిలి ఉన్నవి. గుర్రపు గతిని ఆయన కట్టిన నియమంతో నల్లబల్లపై వేసి చూపితే, కూడికలంటే జంకే పిల్లవాడు కూడా ఒక గంటసేపు సుద్దముక్క వదలడు.